మొజాంబిక్‌లో శీతల గిడ్డంగి: రాజకీయ, భద్రతా రిస్కును ఎలా తూచాలి?

గాజువాక ఇంజినీరు (శనివారం, ఉదయం 10.20)

సభ్యులందరికీ నమస్కారం. రొయ్యల శుద్ధి కర్మాగారాలకు, శీతల గిడ్డంగులకు యంత్రాలు చేసిచ్చే ఒక మధ్యతరహా సంస్థలో, విశాఖ ఆటోనగర్‌లో, పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. మా యాజమాన్యం మొదటిసారిగా దేశం బయట సొంత సొమ్ము పెట్టే ఆలోచనలో ఉంది. మొజాంబిక్‌లోని బెయిరా రేవు దగ్గర, అక్కడి భాగస్వామి ఒకాయనతో కలిసి, సుమారు 12 కోట్ల రూపాయలతో గిడ్డంగి కట్టాలన్నది ప్రతిపాదన. కంప్రెసర్ల లెక్క నాకు వచ్చు. కానీ రాజకీయ, భద్రతా రిస్కు మీద నాలుగు పేజీల నివేదిక కూడా నన్నే రాయమన్నారు. కారణమేమిటంటే, ఆఫీసులో ఇంగ్లీషు పత్రికలు చదివేది నేనొక్కడినేనట.

డబ్బిచ్చి తెప్పించుకున్న నివేదిక ఒకటి నా ముందుంది. దేశమంతా ఒకే ఎరుపు రంగులో ఉంది, పక్కన ఒక అంకె ఉంది. ఆ అంకె చూసి మా ఛైర్మన్ గారు వద్దంటున్నారు, ఆయన అబ్బాయి గారు మాత్రం రంగులు చూసి వ్యాపారాలు చేస్తామా అంటున్నారు. ఇద్దరి మధ్యా నేను ఉన్నాను. ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో, అసలు ఏం చూడాలో అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.

లెక్కల మాస్టారు (శనివారం, ఉదయం 11.45)

ఇంజినీరు గారూ, ముందుగా ఆ అంకె దేనిని కొలుస్తున్నదో చూడండి. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ 0 నుంచి 7 వరకు ఇచ్చే దేశవారీ వర్గీకరణను చాలామంది పెట్టుబడి రిస్కు అనుకుంటారు. అది ఎగుమతి రుణాలకు కనీస ప్రీమియం నిర్ణయించడం కోసం పుట్టినది. ఆ దేశం తన విదేశీ అప్పు తీర్చగలదా, డాలర్లను బయటకు పంపనిస్తుందా అన్నదే అక్కడ ప్రధాన ప్రశ్న. మొజాంబిక్ విషయంలో ఆ అంకె చెడుగా ఉండడానికి బలమైన కారణమే ఉంది. ట్యూనా చేపల వేటకూ, తీర రక్షణకూ అంటూ 2013-14లలో ప్రభుత్వ హామీతో తీసుకున్న దాదాపు 200 కోట్ల డాలర్ల అప్పులో సగానికి పైగా పార్లమెంటుకు గానీ ఐఎంఎఫ్‌కు గానీ చెప్పలేదన్న సంగతి 2016లో బయటపడింది. ఐఎంఎఫ్ నిధులు ఆపింది, అక్కడి కరెన్సీ మెటికాల్ కుప్పకూలింది, మరుసటి ఏడాది మొదట్లోనే దేశం బాండ్ల వడ్డీ ఎగవేసింది. ఇదంతా నిజమే. అయితే ఈ అంకెకు మీ గిడ్డంగి తాళం మీద ఎవరు చేయి వేస్తారో తెలియదు.

రెండవ పొరపాటు మన ఆడిటర్లు చేసేది. రిస్కు ఉంది కనుక, రేపటి రాబడిని నేటి విలువకు తగ్గించి చూసే డిస్కౌంటు రేటుకు మరో 3 శాతం కలిపేస్తే సరిపోతుందంటారు. 14 శాతాన్ని 17 చేసి చూడండి. మొదటి ఏడాది చివర వచ్చే రూపాయి నేటి విలువ 88 పైసల నుంచి 85కు తగ్గుతుంది, పదవ ఏడాది రూపాయి మాత్రం 27 పైసల నుంచి 21కి పడిపోతుంది. అంటే మీరు వేసిన శిక్షలో సింహభాగం దూరపు సంవత్సరాల మీద పడింది. మీ ప్రాజెక్టుకు అసలు గండమేమో కాంక్రీటు పోసిన తరువాత, ఆదాయం ఇంకా నిలదొక్కుకోక ముందు, రెండు నుంచి నాలుగు సంవత్సరాల మధ్యలో ఉంటుంది. కాబట్టి రేటును కదపకుండా, ఏ ఏడాది ఏ సంఘటన జరిగితే ఎన్ని నెలల రాబడి ఆగిపోతుందో విడివిడిగా రాసి, ఆ నష్టాన్ని ఆ ఏడాది నగదు రాకపోకల్లోనే పెట్టండి.

రేవు మనిషి (శనివారం, మధ్యాహ్నం 2.10)

మాస్టారు చెప్పిన దానికి భూగోళం కలుపుతాను. సరకు బీమా సర్వేలలో ముప్పై ఏళ్లు తిరిగినవాణ్ణి.

మీ నివేదికలోని ఎరుపులో పెద్ద భాగం కాబో డెల్గాడో రాష్ట్రానిది. 2021 మార్చిలో పాల్మా పట్టణం మీద తీవ్రవాదుల దాడి జరిగింది, ఆ మరుసటి నెలలోనే టోటల్ సంస్థ తన సహజవాయువు ప్రాజెక్టుకు ఫోర్స్ మజూర్ (తన చేతిలో లేని కారణాల వల్ల ఒప్పందం నెరవేర్చలేనని చెప్పడం) ప్రకటించింది. అందులో మన ఓఎన్‌జీసీ విదేశ్, భారత్ పెట్రోలియం అనుబంధ సంస్థ, ఆయిల్ ఇండియా, మూడింటికీ కలిపి 30 శాతం వాటా ఉంది కాబట్టి మన పత్రికలు కూడా రాశాయి. అయితే పాల్మాకూ బెయిరాకూ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. అది మన ఊరి నుంచి కోల్‌కతాకు ఉన్న దూరం కన్నా ఎక్కువ.

అలాగని బెయిరా పచ్చగా ఉందని కాదు, దాని ఎరుపు వేరు. అది సోఫాలా రాష్ట్రం, ఒకప్పటి తిరుగుబాటుదారులైన రెనామో పక్షానికి పాత కంచుకోట. 2013లోనూ మళ్లీ 2016లోనూ అక్కడి ప్రధాన ఉత్తర దక్షిణ రహదారి మీద కాల్పులు జరిగి, లారీలను సైనిక కాన్వాయ్‌లలో నడపవలసి వచ్చింది. 2019 ఆగస్టులో శాంతి ఒప్పందం కుదిరినా, దాన్ని ఒప్పుకోని ఒక చీలిక వర్గం దాడులు 2021 దాకా సాగాయి. గిడ్డంగి గోడకు ఏమీ కాకపోయినా, చేపల లారీ ఆరు గంటల్లో రావలసినది రెండు రోజులకు వస్తే మీ సరకు గతి ఏమిటో మీకు నేను చెప్పనవసరం లేదు. రేవు నుంచి జింబాబ్వే సరిహద్దుకు వెళ్లే దారినీ, ఉత్తర దక్షిణ దారినీ విడివిడిగా అంచనా వేయండి.

కంచరపాలెం రంగూన్ (శనివారం, రాత్రి 8.35)

పెద్ద చర్చలో చిన్నమాట. మా తాతగారికి రంగూన్‌లో సామాన్ల దుకాణం ఉండేది. 1964 మార్చిలో నె విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసినప్పుడు, ఒకరోజు ఉదయం అధికారులు వచ్చి సరకు లెక్క రాసుకుని, బోర్డు తీయించి, దానికి నంబరు పెట్టి ప్రజా దుకాణం అన్నారట. సరే, చేతిలో నగదు ఉంది కదా అనుకున్నారు. మే నెలలో 50, 100 క్యాట్ నోట్లు చెల్లవన్నారు. ఓడ దిగి బర్మా క్యాంపుకు చేరినప్పుడు నానమ్మ దగ్గర మిగిలిన ఒక్క 100 క్యాట్ నోటు ఇప్పటికీ మా ఇంట్లో రేకుపెట్టె అడుగున, ఆమె ఊలు శాలువా మడతలో ఉంది. మధ్యలో మడత పడినచోట చిరిగింది.

తాతగారికి అక్కడ పలుకుబడి లేక కాదు. వార్డు పెద్దల నుంచి పోలీసు అధికారి దాకా అందరూ ఎరిగినవారే. సరకు లెక్క రాసుకోవడానికి వచ్చినవాడు కూడా ఖాతా మీద బియ్యం పట్టుకెళ్లినవాడేనట.

సిరిపురం సేఠ్ (శనివారం, రాత్రి 9.50)

ఇంత పరిశోధన అవసరమా అండీ? అధికార పక్షానికి దగ్గరగా ఉన్న గట్టి స్థానిక భాగస్వామి ఉంటే, ఏ దేశంలోనైనా పని జరిగిపోతుంది. ఫ్రెలిమో పార్టీ 1975లో స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి అధికారంలోనే ఉంది. ఇంతకన్నా స్థిరత్వం ఏముంటుంది?

ఎంవీపీ వకీలు (ఆదివారం, ఉదయం 9.05)

సేఠ్ గారూ, మీ మాటతో గౌరవంగా విభేదిస్తున్నాను. అధికారానికి దగ్గరితనం ఎన్నో సందర్భాలలో రిస్కుకు మందు కాలేదు, అదే రిస్కు అయింది. మొజాంబిక్‌లో 2024 అక్టోబరు ఎన్నికల తరువాత నెలల తరబడి అల్లర్లు జరిగాయి. ఆ డిసెంబరులో రాజ్యాంగ మండలి ఫలితాన్ని ఖరారు చేసినప్పుడు జనం ఫ్రెలిమో కార్యాలయాల మీద, పోలీసు ఠాణాల మీద పడ్డారు, దుకాణాలు, గిడ్డంగులు లూటీ అయ్యాయి. యాభై ఏళ్లుగా ఒకే పార్టీ ఉండడాన్ని స్థిరత్వం అని రాసుకుంటే ఈ సంగతి ఆ కాగితంలో కనబడదు.

మయన్మార్‌నే చూడండి. యాంగోన్‌లో కంటెయినర్ టెర్మినల్ కట్టదలచిన అదానీ పోర్ట్స్ భూమిని లీజుకు తీసుకున్నది సైన్యానికి చెందిన సంస్థ దగ్గర. 2021 ఫిబ్రవరిలో సైనిక కుట్ర జరిగింది, మార్చిలో అమెరికా ఆ భూమి యజమాని మీద ఆంక్షలు పెట్టింది. చివరకు 2023 మేలో 3 కోట్ల డాలర్లకు, పెట్టినదానికన్నా ఎంతో తక్కువకు, అమ్ముకుని బయటపడవలసి వచ్చింది. అక్కడ సైన్యాన్ని మించిన గట్టి భూస్వామి లేడు, కానీ లీజుకు గండం ఆ గట్టితనం వల్లే వచ్చింది.

ఇక మనవాళ్ల అనుభవమే ఒకటి ఉంది, దీన్ని కాస్త విపులంగా రాస్తాను. జీఎంఆర్ సంస్థ మలేషియా ఎయిర్‌పోర్ట్స్‌తో కలిసి 2010లో మాల్దీవుల రాజధాని మాలే విమానాశ్రయాన్ని 25 ఏళ్లకు తీసుకుంది. వేలం సక్రమంగా జరిగింది, సలహాదారు ప్రపంచబ్యాంకు బృందానికి చెందిన ఐఎఫ్‌సీ. కాగితం మీద వంక పెట్టడానికి లేదు. గొడవ ఎక్కడ మొదలయిందో చూడండి. బయటకు వెళ్లే ప్రయాణికుడి నుంచి 25 డాలర్ల అభివృద్ధి రుసుము వసూలు చేసుకోవచ్చని ఒప్పందంలో ఉంది. అప్పటి ప్రతిపక్షంలోని ఒక పార్టీ, అది పన్ను కనుక పార్లమెంటు అనుమతి లేకుండా చెల్లదని కోర్టుకు వెళ్లి 2011 డిసెంబరులో గెలిచింది. రెండు నెలలకు అధ్యక్షుడు నషీద్ గద్దె దిగారు, కోర్టుకు వెళ్లిన పక్షం ప్రభుత్వంలో భాగమయింది. 2012 నవంబరులో ఒప్పందం మొదటినుంచీ చెల్లదని ప్రకటించి, ఖాళీ చేయడానికి ఏడు రోజుల గడువిచ్చారు. సింగపూర్ అప్పీలు కోర్టుకు వెళితే, స్వాధీనం చేసుకునే అధికారం ప్రభుత్వానికి ఉందనీ, మీకు మిగిలింది నష్టపరిహారమేననీ తేల్చింది. ఆ పరిహారం, సుమారు 27 కోట్ల డాలర్లు, చేతికి వచ్చింది 2016లో.

నాలుగేళ్లు ఆగగల కంపెనీ కనుక ఆగింది. ఇంజినీరు గారూ, మీ సంస్థ ఆగగలదా? ఈ ప్రశ్నను నివేదిక మొదటి పేజీలోనే పెట్టండి. ఒప్పందంలో మధ్యవర్తిత్వం నిబంధన ఉండడం వేరు, ఆ తీర్పు వచ్చేవరకు జీతాలు ఇవ్వగలగడం వేరు. రెండు దేశాల మధ్య పెట్టుబడుల రక్షణ ఒప్పందం ఉందిలే అన్న ధీమా కూడా పనికిరాదు, 2016-17 నుంచి మన ప్రభుత్వం పాతవాటిలో అత్యధికం రద్దు చేసుకుంది. మొజాంబిక్‌కు సంబంధించినది ఇప్పుడు ఏ స్థితిలో ఉందో ఢిల్లీలో విచారించి, తేదీతో సహా రాసుకోండి.

చోడవరం విలేకరి (ఆదివారం, మధ్యాహ్నం 12.30)

మాలే దాకా ఎందుకండీ, మాకవరపాలెం చాలు. మన్యం ఏజెన్సీ ప్రాంతపు వార్తలు చాలాకాలం రాసినవాడిగా ఈ మాట అంటున్నాను.

యూఏఈలోని రాస్ అల్ ఖైమా ప్రభుత్వ పెట్టుబడి సంస్థ 2007లో మన రాష్ట్రంతో అవగాహన ఒప్పందం చేసుకుంది. మన్యంలో బాక్సైట్‌ను రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వి ఇస్తుంది, మైదానంలో, మాకవరపాలెం దగ్గర, అన్‌రాక్ శుద్ధి కర్మాగారం దాన్ని అల్యూమినాగా మారుస్తుంది. ఆ రోజుల్లో గల్ఫ్‌లో కూర్చుని రిస్కు నివేదిక రాసినవాడు ఏం రాసి ఉంటాడో ఊహించండి. ప్రభుత్వ మద్దతు బాగుందని పచ్చరంగు, మావోయిస్టుల కదలికలు ఉన్నాయని ఎరుపు రంగు వేసి, కర్మాగారానికి కాపలా పెంచమని సలహా ఇచ్చి ఉంటాడు. కర్మాగారం కట్టారు, దాని మీదకు తుపాకీ పట్టుకుని ఎవరూ రాలేదు. నేను వెళ్లిన రోజున కాపలావాళ్లు ఉన్నారు, గేటు ఉంది, లోపల అంత పెద్ద నిర్మాణం ఉంది. లేనిది ఖనిజం మాత్రమే.

ఎందుకు లేదు? 1970 నాటి ఒకటో నంబరు భూబదలాయింపు నిబంధన ఉంది, దాని మీద సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన సమత తీర్పు ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకూ ప్రైవేటు కంపెనీలకూ గనుల లీజులు చెల్లవని ఆ తీర్పు చెప్పింది. ఆ కేసు పుట్టిందే మన అనంతగిరి కొండల్లో. తవ్వకం ప్రభుత్వ సంస్థ చేతికి ఇస్తే తీర్పును దాటవచ్చని ఒప్పందం రాసినవారు అనుకున్నారు. గ్రామసభల సంగతి లెక్కలోకి తీసుకోలేదు. బాక్సైట్ తవ్వకానికి అటవీభూమి ఇస్తూ 2015 నవంబరులో జీవో 97 వచ్చినప్పుడు మన్యం మొత్తం రోడ్డెక్కింది, జీవో మూలన పడింది, 2019లో వచ్చిన మరో ప్రభుత్వం దాన్ని రద్దే చేసింది. ఈలోగా 2016 చివర ఆ విదేశీ సంస్థ భారత ప్రభుత్వానికి మధ్యవర్తిత్వం నోటీసు ఇచ్చింది. తమకు వచ్చిపడే రిస్కు ఒప్పందం మీద సంతకం చేయడానికి పదేళ్ల ముందే తెలుగునాట అచ్చయి ఉంది, చదివేవారు లేకపోయారు.

లెక్కల మాస్టారు (ఆదివారం, మధ్యాహ్నం 3.15)

విలేకరి గారూ, జరిగిన తరువాత అంతా స్పష్టంగానే కనిపిస్తుంది. 2007లో ఎందరో న్యాయకోవిదులు ప్రభుత్వ సంస్థ తవ్వితే చెల్లుతుందనే అభిప్రాయపడ్డారు, ఆ తీర్పులోనే అందుకు కొంత చోటు ఉంది కూడా. కాబట్టి చదివి ఉంటే తప్పించుకునేవారన్నది మరీ సులువైన మాట.

చోడవరం విలేకరి (ఆదివారం, సాయంత్రం 4.40)

మాస్టారూ, ఒప్పుకుంటాను. చట్టం చదివితే చెల్లుతుందనే అనిపించి ఉండవచ్చు. కానీ కొండ కోల్పోయేవారు ఎవరు, వారికి దక్కేదేమిటి అని అడిగి ఉంటే జవాబు ఒక్కపూటలో దొరికేది. నేను చెప్పదలచినది అదే. మీ ఒప్పందం విఫలమైతే లాభపడేది ఎవరు, అమలైతే నష్టపోయేది ఎవరు అని పేర్లతో సహా రాసుకోవాలి.

ఇంజినీరు గారికి ఒక ఆచూకీ ఇస్తాను. మొజాంబిక్‌లో భూమి అంతా రాజ్యానిదే, కొనడం అమ్మడం లేదు. దువాట్ అనే వినియోగ హక్కు ఇస్తారు, వ్యాపారాలకు 50 ఏళ్ల వరకు. యాదృచ్ఛికమే గానీ వారి భూచట్టం కూడా 1997దే. దరఖాస్తుకు ముందు స్థానిక సముదాయంతో సంప్రదింపులు జరిపి, దాని రికార్డు జతపరచాలని అందులో ఉంది. మొదట ఇచ్చేది తాత్కాలిక హక్కు. విదేశీయులకైతే దాని గడువు రెండేళ్లు, ఆలోపు పని చూపించకపోతే హక్కు పోవచ్చు. మీ భాగస్వామి దగ్గరున్న కాగితం ఏమిటో చూశారా?

ఎంవీపీ వకీలు (ఆదివారం, సాయంత్రం 6.20)

కొండల్లోనే కాదు, మైదానంలోనూ ఇదే జరుగుతుంది. 2019లో మన రాష్ట్రంలో ప్రభుత్వం మారగానే పవన, సౌర విద్యుత్తు కొనుగోలు ఒప్పందాల ధరలు తగ్గించాలని సంప్రదింపుల కమిటీ వేశారు. వాటిలో విదేశీ పెట్టుబడి గణనీయంగా ఉంది. ఒప్పందంలోని ధరే చెల్లించాలని హైకోర్టు ధర్మాసనం తేల్చేసరికి 2022 మార్చి వచ్చింది. అదే 2019లో మన బీచ్ రోడ్డులో లులు సంస్థకు ఇచ్చిన స్థలం రద్దయింది, ప్రభుత్వం మళ్లీ మారాక వారు మళ్లీ వచ్చారు. ఇక్కడ డేటా కేంద్రానికి ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది కదా, మన ఊరి గురించి ఎక్కడో కూర్చుని ఎవరో ఇలాంటి నాలుగు పేజీలే రాస్తూ ఉంటారు. ఎన్నికల క్యాలెండరుకు ఎదురుగా చెల్లింపుల క్యాలెండరు పెట్టి చూడమని నా దగ్గరకు వచ్చే కక్షిదారులకు చెబుతుంటాను.

రేవు మనిషి (ఆదివారం, రాత్రి 8.00)

బీమా సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనే ఎత్తుతాను. యంత్రాలు ఇక్కడి నుంచి ఓడలో వెళతాయి కదా, వార్ క్లాజు తీసుకున్నాం, ఇక భయం లేదని మీ కొనుగోలు విభాగం అంటుంది. సరకు బీమాలో యుద్ధ రక్షణ నీటి మీద ఉన్నంతవరకే ఉంటుంది. ఓడ నుంచి దించగానే అది ముగుస్తుంది, దించకపోయినా చివరి రేవు చేరిన 15 రోజులకు ముగుస్తుంది. పైగా ఏడు రోజుల నోటీసుతో బీమాదారు దాన్ని రద్దు చేసుకోవచ్చు. 2023 నవంబరు నుంచి ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలైన తరువాత ఈ ఏడు రోజుల సంగతి చాలామందికి కొత్తగా తెలిసింది. సమ్మెలకు, అల్లర్లకు వేరే క్లాజు ఉంటుంది. నేల మీద కట్టిన గిడ్డంగికి రాజకీయ హింస పాలసీ పూర్తిగా వేరు.

నాకు తెలిసిన ఒక ఎగుమతిదారుడి పెట్టెలు ఒక ఆఫ్రికా రేవులో దించిన నాలుగో రోజున యార్డులోనే లూటీ అయ్యాయి. అది యుద్ధం కిందకు రాదన్నారు, అల్లర్ల క్లాజు ఆయన తీసుకోలేదు. అప్పట్లో ఆదా చేసిన ప్రీమియం ఎంతో ఆయన ఇప్పటికీ చెప్పడు.

పెట్టుబడికైతే రెండు తలుపులు తట్టండి. ఒకటి మన ప్రభుత్వ ఎగుమతి రుణ బీమా సంస్థ ఈసీజీసీ, అది విదేశాల్లో పెట్టుబడికి యుద్ధం, స్వాధీనం, డబ్బు బయటకు రానివ్వకపోవడం అనే మూడింటికీ బీమా ఇస్తుంది. రెండవది ప్రపంచబ్యాంకు బృందంలోని మిగా, 1988 నుంచి ఉంది. అది వీటితో పాటు ప్రభుత్వం ఒప్పందాన్ని ఉల్లంఘించినా రక్షణ ఇస్తుంది. ఇద్దరూ పెట్టుబడికి ముందే దరఖాస్తు చేయమంటారు. వారు అడిగే కాగితాల జాబితా తెచ్చుకుంటే, బీమా తీసుకోకపోయినా, మీ నివేదికకు అది మంచి ప్రశ్నాపత్రం అవుతుంది.

సిరిపురం సేఠ్ (ఆదివారం, రాత్రి 9.15)

భాగస్వామి విషయంలో నా మాట కొంత వెనక్కు తీసుకుంటున్నాను. అయితే ఒకటి గుర్తుంచుకోండి, డాలర్లు. లాభం మెటికాల్‌లో వచ్చి బ్యాంకులో పడి ఉంటే అది లాభం కాదు. పెట్టే ప్రతి డాలరునూ అక్కడి కేంద్రబ్యాంకులో విదేశీ పెట్టుబడిగా నమోదు చేయించుకోకపోతే, రేపు తెచ్చుకోవడానికి ఆధారం ఉండదు. గిడ్డంగి అద్దెలో కొంతభాగమైనా ఎగుమతిదారుల నుంచి డాలర్లలో వచ్చేలా చూసుకోండి.

గాజువాక ఇంజినీరు (మంగళవారం, ఉదయం 7.30)

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం రాత్రే భాగస్వామికి రాశాను, నిన్న మధ్యాహ్నం దువాట్ కాగితం స్కాన్ చేసి పంపారు. పోర్చుగీసు తెలిసిన మిత్రుడి చేత చదివించాను. అది తాత్కాలిక హక్కే. సంస్థ పేరు మీద లేదు, ఆయన బావమరిది పేరు మీద ఉంది. స్వదేశీయుడు కనుక గడువు ఐదేళ్లట, అందులో మూడేళ్ల రెండు నెలలు అయిపోయాయి. ఆ స్థలంలో ఇంతవరకు ఒక్క ఇటుక కూడా పడలేదని గత నెలలో నేనే ఫొటోల్లో చూశాను. మా కంపెనీకి బదలాయించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, ఆ అనుమతి గురించి ఆయన ఉత్తరంలో ఒక్క మాట కూడా లేదు.

నాలుగు పేజీలలో ఇప్పుడు రెండు ఆ కాగితం గురించే రాశాను. ఒక పేజీ రెండు రహదారుల మీద, ఒకటి డాలర్ల మీదా బీమా మీదా. రంగుల పటాన్ని అనుబంధంలోకి నెట్టాను. సాయంత్రం నాలుగు గంటలకు ఛైర్మన్ గారి గదిలో సమావేశం ఉంది.

చోడవరం విలేకరి (మంగళవారం, ఉదయం 8.05)

సమావేశానికి ముందే ఇంకొకటి తెప్పించండి. సముదాయ సంప్రదింపుల రికార్డు ప్రతి కావాలని, సంతకాలూ వేలిముద్రలూ ఉన్న పుటతో సహా పంపమని అడగండి. అక్కడ ఇప్పుడు తెల్లవారుజాము, వారు లేచేసరికి మీ ఉత్తరం ముందుంటుంది.